ఇరవై ఎనిమిదేళ్లు పాడటం మానేసిన మనిషి సొంత పాటలతో మళ్లీ ఆల్బమ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మావయ్యగారిది అమలాపురం దగ్గర పల్లెటూరు, వయసు 66. పాట రాయడం, బాణీ కట్టడం, పాడటం మూడూ ఆయనే. 1990ల్లో రెండు క్యాసెట్లు వచ్చాయి, ఆకాశవాణి విజయవాడలో కొన్ని లలిత గీతాలు పాడారు. ఆ తర్వాత పూర్తిగా మానేశారు. ఇప్పుడు ఎనిమిది పాటలతో ఆల్బమ్ చేయాలని ఉంది. స్టూడియో బుక్ చేసేయమంటారా, పాత క్యాసెట్లు ఏమైనా పనికొస్తాయా, ఆల్బమ్‌లో పాత పాటలా, కొత్తవా అని అడిగారు.

స్టూడియో ఇప్పుడే వద్దు. ముందు శ్రుతి, అంటే ఆయన షడ్జానికి (స) హార్మోనియం మీద ఏ మెట్టు అన్నది తేలాలి. ఏ వాద్యాలు, బాణీల్లో ఏం మార్చాలి, ఎన్ని పాటలు, ఎన్ని రోజులు అన్నవన్నీ దాని వెనకాలే వస్తాయి.

పాత క్యాసెట్‌లో రెండున్నర శ్రుతిలో (రెండో తెల్ల మెట్టు తర్వాతి నల్ల మెట్టు) పాడినాయన ఇప్పుడూ రెండున్నరే అంటారు. దాదాపు అందరూ అంతే, అదో పంతం. కానీ నలభైలో పై పంచమం అందుకున్న గొంతు అరవై దాటాక పై గాంధారం దగ్గరే బిగుసుకుంటుంది. స్వరతంతువుల్లో కండ పలచబడుతుంది, గొంతులోని మృదులాస్థి గట్టిపడుతుంది, ఊపిరి నిలిచే సేపు తగ్గుతుంది. పై షడ్జం మీద నిలబడినప్పుడు స్వరం వెడల్పుగా ఊగుతుంటే అది గమకం కాదు, గొంతు అలసిపోయిన గుర్తు.

తేల్చుకోవడానికి రెండు వారాలు చాలు. రోజూ పొద్దున ఒకే వేళకి హార్మోనియం ముందు కూర్చోబెట్టి, అకారంలో (‘ఆ’ అంటూ) ఎనిమిది సెకన్లు వణక్కుండా నిలబెట్టగలిగిన అన్నిటికన్నా పై స్వరం ఏదో, కింది స్వరం ఏదో కాగితం మీద రాయండి. మంచి రోజువి కాకుండా మామూలు రోజువి లెక్కలోకి తీసుకోండి. పాటలో అత్యధిక స్వరం ఆ పై హద్దుకి రెండు మెట్లు కిందే ఉండాలి. మగ గొంతుల్లో చాలామంది చివరికి ఒకటి, ఒకటిన్నర దగ్గర స్థిరపడతారు. అలాగని మరీ దించేస్తే మంద్ర (కింది స్థాయి) పంచమం దగ్గర స్వరం పోయి ఉత్త గాలి మిగులుతుంది. రెండు చివర్లూ కలవకపోతే శ్రుతిని వదిలేసి బాణీని పట్టుకోండి: చరణం ఆఖరి పాదం తారస్థాయికి (పై స్థాయికి) ఎక్కే చోట మధ్యస్థాయి మధ్యమం దాకానే వెళ్లి దిగేలా మార్చుకోవచ్చు. బాణీ ఆయనదే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేరేవాళ్ల పాటలు పాడేవాళ్లకి ఈ సుఖం లేదు.

సాధనకి మూడు నెలలు ఇవ్వండి. పూటకి ఇరవై నిమిషాల చొప్పున రోజుకి రెండు పూటలు. మొదటి నెల పాట ముట్టుకోకూడదు. మంద్ర స్థాయి అకారం, సరళీ, జంట వరసలు, అన్నీ విలంబంలో, అంటే బాగా నెమ్మదిగా. రెండో నెల పాటలు సగం గొంతుతో. మూడో నెలలో నిలబడి, మైకు ముందు పాడినట్టు. మానేసి చాలాకాలమైనవాళ్లు మొదటి రోజే తమ పాత పేరున్న పాటని నిండు గొంతుతో ఎత్తుకుంటారు. నాలుగో రోజుకి గొంతు పట్టేస్తుంది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుతో స్కోపు (గొంతులోకి చూసే కెమెరా) వేయించండి. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటల ఎడం ఉండాలి. కడుపులో పులుపు పైకి తన్నితే పొద్దున గొంతు తెరుచుకోదు. కట్టుడు పళ్లుంటే ఇంకో సంగతి. కొత్త సెట్టుతో స, శ, ష ఈలేస్తాయి. మార్చుకోవాలనుకుంటే రికార్డింగుకి కనీసం రెండు నెలల ముందే మార్చేసుకోవాలి.

శ్రుతి తేలగానే వాద్యగాళ్లకి చెప్పేయండి, వారం ముందైనా. వేణువుకి శ్రుతికో పిల్లనగ్రోవి వేరే ఉంటుంది. మృదంగం రెండున్నరకి కట్టింది ఒకటికి దిగదు, బలవంతాన దించితే మూత వదులై మట్టి మీద కొట్టినట్టు మోగుతుంది. తగ్గు శ్రుతి మృదంగం వేరేది కావాలి. తబలా కుడిదీ అంతే. రికార్డింగు రోజున ‘ఒక మెట్టు దించుదాం’ అంటే సగం పూట వాద్యాలు వెతకడానికే పోతుంది.

ఇక క్యాసెట్లు. పనికొస్తాయి, కానీ కొత్త ఆల్బమ్‌లో ఎలా పాడాలో నేర్పడానికి కాదు. మరచిపోయిన సంగతులు (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు), చరణాల వరస, సాహిత్యం తెలుసుకోవడానికి. కోనసీమ తేమలో ముప్పై ఏళ్లున్న టేపుకి మొదటి శత్రువు బూజు. చిన్న కిటికీలోంచి టేపు చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని మంచి డెక్‌లో పెట్టకండి, ఆ బూజు తర్వాతి క్యాసెట్లకీ అంటుకుంటుంది. మాస్కు కట్టుకుని, పోయినా ఫరవాలేదనుకునే పాత ప్లేయర్‌లో ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పూర్తిగా చుట్టండి. తర్వాత హెడ్డు, రబ్బరు చక్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్రతి క్యాసెట్‌కీ. టేపు వెనకుండే స్పాంజి మెత్త ఊడిపోతే పై స్వరాలు మూగబోతాయి. ఐదు స్క్రూల ఖాళీ క్యాసెట్ పెట్టె కొని టేపుని అందులోకి మార్చుకోవచ్చు. టేపుని ఓవెన్‌లో వేడిచేయమని నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. అది జిగురు కారే కొన్ని రకాల స్పూల్ టేపులకి చేసే వైద్యం, క్యాసెట్‌కి చేస్తే పెట్టె వంకరపోతుంది.

యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ అని చవగ్గా దొరికేవి కొనకండి. వాటి మోటారు నిలకడ లేక స్వరం అలలా ఊగుతుంది. బెల్టు కొత్తది వేసిన మంచి డెక్, దాని లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించే పెట్టె), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, అన్నిటికన్నా పెద్ద శబ్దం మీటరు మీద మైనస్ 6 డీబీ దాటకుండా. హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూని మోనోలో వింటూ, ‘స’ శబ్దం అన్నిటికన్నా పదునుగా వినిపించే చోటికి తిప్పి ఆపండి. ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోలా ఉంటుంది.

వేగం సంగతి చాలామంది మరచిపోతారు. టేపు సుమారు 6 శాతం తేడాగా తిరిగితే పాట ఒక మెట్టు మారిపోతుంది. ‘అప్పట్లో నేను మూడులో పాడేవాణ్ణి’ అన్న జ్ఞాపకం కొన్నిసార్లు వేగంగా తిరిగిన టేపు వల్లే. పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో కరెంటు గుంయ్‌మనే రొద ఉంటే సాఫ్ట్‌వేర్‌లో దాని ఫ్రీక్వెన్సీ చూడండి. 50 హెర్ట్జ్ ఉండాల్సింది 53 చూపిస్తే టేపు 6 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. ఇందులోనూ ఒక మెలిక ఉంది. 1990ల్లో లోడు ఎక్కువున్న వేళ మన కరెంటే 50కి బదులు 48, 49కి పడిపోయేది. అంచేత ఒకటి రెండు హెర్ట్జ్‌ల తేడాని నమ్మకండి, హార్మోనియం మెట్లతో మళ్లీ సరిచూడండి.

స్టూడియో కన్నా ముందు తేలాల్సింది ఇంకొకటి: హక్కులు. క్యాసెట్ కంపెనీ ఖర్చు పెట్టి చేసిన రికార్డింగు ఆ కంపెనీది. ఆకాశవాణిలో పాడిన రికార్డింగు ఆకాశవాణిది, రేడియో నుంచి ఇంట్లో పట్టుకున్న టేపైనా సరే. వాటిని ఆల్బమ్‌లో బోనస్‌గా పెట్టేయకూడదు. కానీ రికార్డింగు వేరు, రచన వేరు, బాణీ వేరు. మావయ్యగారు అవి రాసివ్వకపోతే ఇప్పటికీ ఆయనవే, కొత్తగా పాడుకోవచ్చు. సంతకం చేసిన కాగితం ఉంటే వెతికించండి. గడువు రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. రేడియోలో పాడిన వాటిలో కవి వేరు, బాణీ కట్టినవారు వేరు అయ్యుంటారు, అవి ఆయన సొంత పాటల లెక్కలోకి రావు. పెద్ద కవుల గీతాలకి తన బాణీ కట్టి ఉంటే, కవి పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్కేయండి. నండూరి సుబ్బారావుగారు 1957లో పోయారు, ఎంకి పాటలు 2018 నుంచి ఎవరైనా వాడుకోవచ్చు, బాణీ మాత్రం సొంతదై ఉండాలి. కృష్ణశాస్త్రిగారు 1980లో పోయారు, 2040 చివరి దాకా వారసుల అనుమతి కావాల్సిందే. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు. ఐపీఆర్ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసే సంఘం) రచయితగా, స్వరకర్తగా రెండు విధాలా చేర్పించడం మాత్రం మేలు.

కాలం: సంక్రాంతి వెళ్లాక మార్చి దాకా మన వైపు రికార్డింగుకి బంగారం లాంటి రోజులు. వర్షాకాలం మృదంగం శ్రుతి గంటకోసారి జారుతుంది, రాత్రయితే కప్పలు. ఏప్రిల్ నుంచి ఫ్యాను లేకుండా కూర్చోలేరు. ఇంట్లోనే గొంతు రికార్డు చేద్దామనుకుంటే దగ్గర్లో రొయ్యల చెరువు ఉందేమో చూసుకోండి. ఏరేటర్ల (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాల) రొద చెవికి అలవాటైపోయి వినిపించదు, మైకుకి వినిపిస్తుంది. 80 హెర్ట్జ్ కింద కోసేస్తే కొంత పోతుంది గానీ మోటారు ఈల మిగులుతుంది. శ్లాబు గదిలో మూడు గోడలకి దూది పరుపులు నిలబెట్టండి, మైకు జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకి. పాట కాగితం చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద పెట్టాలి.

ఈ వయసుకి రోజుకొక పాట. పొద్దున పదింటికి మొదలుపెట్టి, మధ్యలో విరామంతో రెండు గంటలు, అంతే. మొత్తం పాట మూడుసార్లు పాడించి, తర్వాత తేడా వచ్చిన పాదాలు మాత్రం మళ్లీ. ఎనిమిది పాటలంటే ఎనిమిది రోజులు గొంతుకే. నన్నడిగితే ఆరు పాటలు చాలు. స్టూడియోతో బేరం గంటకా, పాటకా అన్నది ముందే మాట్లాడుకోండి. మిక్సింగ్‌లో ఎన్నిసార్లు దిద్దిస్తారు, ట్రాకులన్నీ విడివిడిగా వేవ్ ఫైళ్లలో ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోండి. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ పాట మొత్తానికి వేయనివ్వకండి. కానడ రాగంలో గాంధారం ఏ మెట్టు మీదా నిలబడదు, ఊగుతూ ఉంటుంది. అది తప్పనుకుని పక్క మెట్టు మీదికి లాగి అతికించేస్తుంది. జారిన ఒకటి రెండు స్వరాలకి చేత్తో వాడితే ఇబ్బంది లేదు.

పాత పాటలా, కొత్తవా అన్నదానికి: రెండూ కలపండి, కానీ జనంలోకి ముందు పాతది వెళ్లాలి. ఇంగ్లండు గాయని వాష్టి బన్యన్ 1970లో ఒక ఆల్బమ్ చేసి రెండోది 2005లో గానీ చేయలేదు. మధ్యలో 2000లో పాతది సీడీగా మళ్లీ రావడంతో కొత్త తరానికి ఆవిడ పేరు తెలిసింది. మీరు కూడా పాత క్యాసెట్‌లోని ఒక పాటని ఇప్పటి గొంతుతో పాడించి విడిగా వదలండి, నెల తర్వాత ఆల్బమ్.

విడుదలకి ముందు పేరుకి ఒకే స్పెల్లింగు ఖాయం చేసుకోండి. అదే పేరుతో ఇంకొకరుంటే పాటలు వాళ్ల పేజీలోకి వెళ్లిపోతాయి. డిస్ట్రిబ్యూటర్‌కి (పాటలని యాప్‌లలోకి ఎక్కించే సంస్థకి) నాలుగు వారాల ముందు ఫైళ్లు ఇవ్వండి. స్పాటిఫైలో వాళ్ల ప్లేలిస్టుల్లో చేర్చమని కోరడం విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు జరగాలి, అదీ ఒక పాటకే. ముఖచిత్రం చదరంగా, 3000 × 3000 పిక్సెళ్లు. అక్కడ డబ్బుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఏడాదిలో వెయ్యి వినికిళ్లు రాని పాటకి 2024 నుంచి ఏమీ ఇవ్వడం లేదు. ఆయన పాత శ్రోతలు చాలామంది ఆ యాప్‌లలో ఉండరు కూడా. ఓ వంద పెన్‌డ్రైవులు చేయించి, కారుల్లో, ఆటోల్లో పాడేలా ఎంపీ3లుగా, పాటల సాహిత్యం అచ్చేసిన చిన్న పుస్తకంతో కలిపి పంచండి. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో 01, 02 అంకెలతో పెట్టండి. పాత కారు స్టీరియోలు చాలావరకు తెలుగు అక్షరాలని గళ్లుగా చూపిస్తాయి.