టెక్ సందేహాలు: మూడు బాక్సుల్లో ఒకే సింఫనీ, రెండు శ్రుతుల్లో ఒకే కచేరీ

శాస్త్రీయ సంగీతం బాక్స్ సెట్ల మీద డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలు కొన్నాళ్లుగా పోగుపడ్డాయి. కొందరి దగ్గర అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన పాశ్చాత్య సంగీతం సీడీలున్నాయి. కొందరి దగ్గర పెద్దలు మద్రాసు వెళ్లినప్పుడల్లా కొని తెచ్చిన కర్ణాటక సంగీతం క్యాసెట్లున్నాయి. ఈ వారం అన్నీ అవే. ఫోన్ ఛార్జింగ్ గురించి అడిగినవాళ్లు వచ్చేవారం దాకా ఓపిక పట్టాలి.

పాలకొల్లు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్: మా అబ్బాయి పంపిన మూడు బాక్స్ సెట్లలోనూ కండక్టర్ కరాయన్ నడిపించిన బీథోవెన్ ఐదో సింఫనీ ఉంది. మూడూ మూడు రకాలుగా వినిపిస్తున్నాయి. వీటిలో మంచి రీమాస్టరింగ్ (పాత రికార్డింగ్ శబ్దాన్ని మళ్లీ సర్ది వేయడం) ఏదో తేల్చుకోవడం ఎలా? మిగిలిన రెండూ మేనల్లుడికి ఇచ్చేద్దామనుకుంటున్నాను.

అప్పుడే ఇచ్చేయకండి మాస్టారూ. అసలు ఆ మూడూ ఒకే రికార్డింగో కాదో ముందు చూడండి. నా అనుమానం, కావు.

కరాయన్ బీథోవెన్ తొమ్మిది సింఫనీల్నీ బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో డాయిష్ గ్రామోఫోన్ కంపెనీకే మూడుసార్లు చేశారు. మొదటిది 1961-62లో, రెండోది 1975-77లో, మూడోది 1982-84లో. వీటికి ముందు, 1950లలో, లండన్ ఫిల్హార్మోనియాతో ఈఎంఐకి చేసిన సెట్టు వేరే ఉంది. బాక్సు మీద మాత్రం అన్నిటికీ అదే పేరు, చాలాసార్లు అదే ముఖం. పైగా 61-62 నాటిది బెర్లిన్ డాలెమ్‌లోని యేసు క్రీస్తు చర్చిలో రికార్డు చేశారు, తర్వాతవి ఫిల్హార్మోనీ హాల్లో. చర్చి గోడల మధ్య మోగే మోత వేరు, హాల్లో మోగేది వేరు. మీ చెవికి తెలిసిన తేడా రీమాస్టరింగ్‌ది కాకపోవచ్చు, చోటుది కావచ్చు.

తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, భూతద్దం చాలు. బుక్‌లెట్ చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో రికార్డింగ్ చేసిన చోటు, నెల, సంవత్సరం ఉంటాయి. సీడీ వెనక ఏడీడీ, డీడీడీ అనే మూడక్షరాల ముద్ర కూడా ఉండొచ్చు. మొదటి అక్షరం రికార్డింగ్‌కి, రెండోది ఎడిటింగ్, మిక్సింగ్‌కి, మూడోది మాస్టరింగ్‌కి. ఏ అంటే అనలాగ్, డీ అంటే డిజిటల్. డీడీడీ అని ఉంటే అది 80ల నాటి సెట్టు. అట్ట మీద సున్నాలో ‘సి’ పక్కన ఉన్న సంవత్సరం చూసి మోసపోవద్దు, అది బొమ్మకీ రాతకీ సంబంధించింది. సున్నాలో ‘పి’ పక్కనున్నదే ఆ శబ్దం మొదట విడుదలైన సంవత్సరం. అయితే కలగలుపు బాక్సుల్లో దాన్ని కూడా కొత్తగా వేసేస్తుంటారు. అందుకే బుక్‌లెట్టే నమ్మకం.

బుక్‌లెట్ పోయి ఉంటే ట్రాక్ నిడివి చూడండి. ఒకే రికార్డింగ్‌ని ఎన్నిసార్లు రీమాస్టర్ చేసినా నిడివి రెండు మూడు సెకన్లకు మించి తేడా రాదు. మళ్లీ వాయిస్తే మాత్రం చాలావరకు మారుతుంది. పియానిస్టు గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ చూడండి: 1955 నాటిది సుమారు 38 నిమిషాలు, 1981 నాటిది 51. మొదటి ముక్క ఒక్కదాన్నే తీసుకున్నా, అప్పట్లో రెండు నిమిషాల్లోపు అయిపోయింది, తర్వాతి దాంట్లో మూడు నిమిషాలు దాటింది. ఆ రెంటిలో ఏ మాస్టరింగ్ మంచిదని అడగడంలో అర్థం లేదు కదా.

సరే, రెండు బాక్సుల్లో ఉన్నది ఒకే రికార్డింగ్ అని తేలిందనుకుందాం. అసలు పోలిక ఇప్పుడు మొదలవుతుంది, బోల్తా పడేదీ ఇక్కడే. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని మన చెవి తీర్పు చెప్పేస్తుంది. ఒక డెసిబెల్ తేడా ఉన్నా చాలు. ‘బాస్ నిండుగా ఉంది, తీగలు స్పష్టంగా ఉన్నాయి’ అంటూ రాసే సమీక్షల్లో సగం ఈ వాల్యూమ్ మాయేనని నా గట్టి నమ్మకం. కొత్త రీమాస్టర్లను చాలావరకు కాస్త గట్టిగానే వేస్తారు కూడా. కాబట్టి రెండు ట్రాకుల్నీ కంప్యూటర్లోకి తీసుకుని, ఉచితంగా దొరికే ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో ఒకే స్థాయికి తెచ్చాకే వినండి.

ఆ తర్వాత ఏది ఏదో తెలియకుండా వినాలి. ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్‌కి ఏబీఎక్స్ కంపారేటర్ అనే అదనపు ముక్క ఉంది. అది ఏ, బీ రెండూ వినిపించి, ఎక్స్ అని మూడోది పెట్టి, ఇది ఆ రెంటిలో ఏదో చెప్పమంటుంది. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే మీకు తేడా నిజంగా తెలుస్తోందనుకోవచ్చు. గుడ్డిగా చెప్పినా 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చే అవకాశం నూటికి నాలుగు పాళ్లే. ఎనిమిది తొమ్మిది దగ్గర ఆగిపోతే ఒక బాక్సు నిశ్చింతగా మేనల్లుడికి ఇచ్చేయండి. ఈ పరీక్షకి సింఫనీ అంతా పెట్టుకోవద్దు. మెల్లగా మొదలై ఒక్కసారిగా అందరూ వాయించే చోటు ఒక పదిహేను సెకన్లు కత్తిరించుకోండి. టేపు హిస్ (బుస శబ్దం) మెల్లగా వాయించేచోట తెలుస్తుంది, గట్టిగా మోగేచోట హెచ్చుతగ్గుల్ని కుదించేసిన సంగతి తెలుస్తుంది.

రాజోలు నుంచి ఒక పాఠకురాలు: నాన్నగారు రేడియోలో రికార్డు చేసుకున్న కచేరీ క్యాసెట్ ఉంది. అదే కచేరీ తర్వాత సీడీగా వచ్చింది. రెండూ కంప్యూటర్లోకి ఎక్కించాను. క్యాసెట్లో శ్రుతి హెచ్చుగా ఉంది. అసలు శ్రుతి ఏది?

మంచి ప్రశ్న అమ్మా. పాశ్చాత్య సంగీతం బాక్సుల కంటే మన కచేరీలతోనే ఈ చిక్కు ఎక్కువ. వాళ్లకి పియానో ఉంది, దాని శ్రుతి ఎక్కడుండాలో అందరికీ తెలుసు. మనకి గాయకుడు ఏ శ్రుతి పెట్టుకుంటే తంబురా, వయొలిన్, మృదంగం అన్నీ దానికే చేరతాయి. రికార్డింగ్‌లో ఆనవాలు చెప్పే వాద్యమే ఉండదు.

ముందు తేడా ఎంతో కొలవండి. పల్లవిలో మొదటి అక్షరం నుంచి చివరి మృదంగం దెబ్బ దాకా రెండింటిలోనూ నిడివి చూడండి. సీడీలో 30 నిమిషాలు, క్యాసెట్లో 29 నిమిషాల 10 సెకన్లు వచ్చిందనుకోండి, క్యాసెట్ సుమారు 3 శాతం వేగంగా తిరిగిందని అర్థం. ఒకటి శ్రుతి నుంచి ఒకటిన్నరకి, అంటే అర స్వరం పైకి, వెళ్లాలంటే వేగం దాదాపు 6 శాతం పెరగాలి, అంటే మీ క్యాసెట్ అందులో సగం ఎక్కిందన్నమాట. ఒకటికీ ఒకటిన్నరకీ నడిమధ్య పాడే గాయకులు తక్కువే, కాబట్టి రెంటిలో ఒకటి తప్పేనని అనుమానించవచ్చు. కానీ తప్పు క్యాసెట్‌దేనని వెంటనే తీర్మానించకండి. సీడీ వేసిన కంపెనీకి దొరికిన మాస్టర్ టేపు వేరే మెషీన్ మీద తిరిగి ఉండొచ్చు.

ఎటు మొగ్గాలో తెలియాలంటే రెండు దారులు. ఆ విద్వాంసుడు ఆ ఏడాదీ ఆ దరిదాపుల్లోనూ పాడిన మిగతా కచేరీల శ్రుతి ఫోన్‌లోని తంబురా యాప్‌తో పోల్చండి. రెండో దారి నాకు ఇంకా ఇష్టం: రేడియో కచేరీ కాబట్టి మొదట్లో అనౌన్సర్ మాట ఉంటుంది. పాటలో దొరకని దొంగ మాటలో దొరుకుతాడు. గొంతు కీచుగా, తొందరగా ఉంటే క్యాసెట్టే వేగం. సీడీలో ఆ అనౌన్స్‌మెంట్ కోసేసి ఉంటారు, మీ నాన్నగారి క్యాసెట్ దాచిపెట్టుకోవడానికి అదొక్కటే చాలిన కారణం.

సరిచేసేటప్పుడు ఆడాసిటీలో చేంజ్ పిచ్ ఒక్కటే వాడొద్దు. అది నడకని అలాగే ఉంచి శ్రుతి మాత్రమే దించుతుంది. టేపు తప్పులో రెండూ కలిసే మారాయి, అందుకని వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్ట్ వాడాలి. పై లెక్కకి మైనస్ 2.8 శాతం. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చేయండి. మొదట్లో సరిపోయి చివరికొచ్చేసరికి శ్రుతి మెల్లగా ఎక్కుతుంటే మాత్రం ఒక్క అంకెతో పని జరగదు. బ్యాటరీ మీద నడిచిన టేప్ రికార్డర్లతో ఇలా అవుతుంది. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీ నీరసించి టేపు నెమ్మదిస్తుంది, తర్వాత సరైన వేగంతో వింటే శ్రుతి పైకి పోతుంది. ముక్కలు ముక్కలుగా సరిచేయడమే దారి, విసుగు పని.

ఇంకొక్క మాట. క్యాసెట్ మూగగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తే ట్రెబుల్ పెంచేయకండి. డెక్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది హెడ్ వాలుని సరిచేస్తుంది. టేపు తిరుగుతుండగానే సన్నటి స్క్రూడ్రైవర్‌తో రవంత అటూ ఇటూ తిప్పితే తంబురా తీగ ఒక్కసారిగా తేటగా పలికే చోటు దొరుకుతుంది. అక్కడ ఆపి రికార్డు చేయండి. ప్రతి క్యాసెట్‌కీ ఆ చోటు కాస్త మారుతుంది.

భీమవరం: 60 సీడీల బాక్సు ఉంది, లాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు. హార్డ్ డిస్క్ ఎంత కావాలి? ఏ సాఫ్ట్‌వేర్?

యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొనుక్కోండి, ఏ కంపెనీదైనా పని జరుగుతుంది. సీడీలో శబ్దం 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. కుదించకుండా గంటకి సుమారు 635 ఎంబీ. ఫ్లాక్ అనే ఫైలు రకంలో పెడితే నాణ్యత ఏమాత్రం పోకుండా దాదాపు సగమవుతుంది. మీ 60 సీడీలు ఇరవై జీబీ చుట్టుపక్కల సరిపోతాయి, అంటే హార్డ్ డిస్క్ దాకా అక్కర్లేదు, పెన్ డ్రైవ్ చాలు. ఎంపీ3లో పెట్టి చోటు మిగుల్చుకునే రోజులు పోయాయి.

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ఉచితం. అదే సీడీని తీసిన ఇతరుల ఫలితంతో మీదాన్ని ఆక్యురేట్‌రిప్ ద్వారా సరిచూస్తుంది. పెద్ద కంపెనీల బాక్సులకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన చిన్న కంపెనీల కర్ణాటక సీడీలు ఆ జాబితాలో తరచుగా ఉండవు. అప్పుడు టెస్ట్ అండ్ కాపీ పెట్టండి, రెండుసార్లు చదివి, చివర చూపించే రెండు సరిచూపు అంకెలూ కలిస్తే సీడీ సరిగ్గా వచ్చినట్టే.

నరసాపురం: పాత ఒపెరా బాక్సు తెరిస్తే సీడీకి స్పాంజి అంటుకుపోయి ఉంది. కొన్ని క్యాసెట్ల మీద తెల్లగా బూజు.

80లలో లావుపాటి సీడీ డబ్బాల్లో డిస్కులు కదలకుండా స్పాంజి ముక్క పెట్టేవారు. అది ఏళ్లు గడిచేకొద్దీ జిగురైపోతుంది, సముద్రం పక్కన ఇంకా తొందరగా. మిగతా డబ్బాలన్నీ ఇవాళే తెరిచి స్పాంజి పారేయండి. అంటుకున్నదాన్ని గోటితో గీకొద్దు. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి నాననిచ్చి, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. బొమ్మ ఉన్నవైపు ఇంకా జాగ్రత్త. అల్యూమినియం పొర ఉండేది అటే, పైన సన్నటి లక్క తప్ప రక్షణ లేదు. అది పోతే గాలి తగిలి పొర తినేస్తుంది.

బూజు పట్టిన క్యాసెట్‌ని మంచి డెక్‌లో పెట్టారంటే ఆ బూజు హెడ్‌కీ రోలర్‌కీ అంటి, తర్వాతి క్యాసెట్‌కి ఎక్కుతుంది. వాటిని విడిగా పెట్టి, తుడిచాక పాత డెక్ ఒకదాంట్లోనే తిప్పండి. నిల్వకి మూత గట్టిగా పడే డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. గోడకి ఆనుకున్న బీరువా అడుగు అర మాత్రం వద్దు, ముసురు పట్టిన వారంలో ఆ గోడే చెమరుస్తుంది.

మలికిపురం: బాలమురళిగారు 72 మేళకర్త (జనక) రాగాల్లో చేసిన కృతుల సెట్టు కంప్యూటర్లో పెట్టాను. ప్లేయర్ వాటిని ఇంగ్లిష్ అక్షరాల వరుసలో కలిపేస్తోంది.

ఆయన సొంతూరు శంకరగుప్తం పక్కూరివాళ్లే అడగాల్సిన ప్రశ్న! ‘రాగాంగ రావళి’ తొమ్మిది సంపుటాల సెట్టు కదా మీది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లన్నీ పాట, గాయకుడు, ఆల్బమ్ అనే మూడు గళ్లతో సినిమా పాటల లెక్కన తయారయ్యాయి. రాగానికీ తాళానికీ చోటు లేదు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మీకు నచ్చిన గడి కలుపుకోవచ్చు. రాగం, తాళం, మేళం నంబరు అని మూడు చేర్చండి. మేళం నంబరు 1 అని కాక 01 అని రాయండి, లేకపోతే 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. ట్యాగులు తెలుగులోనే రాసుకోమంటాను. తోడిని ఇంగ్లిష్‌లో ఒక్కో కంపెనీ ఒక్కో స్పెల్లింగ్‌తో వేస్తుంది, వెతికితే సగం దొరకవు. కారు స్టీరియోలో తెలుగు అక్షరాల బదులు గళ్లు కనిపిస్తే, కారు కోసం ఫైలు పేరు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచుకోండి.

తణుకు: కారులో పెన్ డ్రైవ్ పెడితే ఆలాపనకీ కృతికీ మధ్య చిన్న గ్యాప్ వస్తోంది.

ఎంపీ3 ఫైలు మొదట్లోనూ చివర్లోనూ రవంత నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని వదిలేసి వాయించే తెలివి చాలా కారు స్టీరియోలకి లేదు. ఆలాపన, కృతి, తని (మృదంగం సోలో) కలిపి సీడీ నుంచి ఒకే ఫైలుగా తీసుకోండి. ఒపెరాలకీ ఇదే మందు.

రావులపాలెం: ఒకాయన టెలిగ్రామ్‌లో ఫ్లాక్ బాక్స్ సెట్లు పంపుతున్నాడు. నిజమైనవేనా?

దొంగ సరుకన్న సంగతి అలా ఉంచండి, ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పంపేవాళ్లు బోలెడు మంది. స్పెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఫైలు తెరవండి, అందులో ఏ పౌనఃపున్యం దాకా శబ్దం ఉందో బొమ్మ గీసి చూపిస్తుంది. సీడీ నుంచి తీసినదైతే బొమ్మ 22 కిలోహెర్ట్జ్ దాకా మెల్లగా పలచబడుతూ పోతుంది. 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది సుమారు 128 కేబీపీఎస్ ఎంపీ3 నుంచి వచ్చిందని గట్టిగా అనుమానించవచ్చు. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులకీ క్యాసెట్లకీ ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో అంత పైన అసలు ఏమీ ఉండదు.

మండపేట: ఇవన్నీ చేసి చివరికి బ్లూటూత్ స్పీకర్లో వింటే?

వినడానికి ఇబ్బందేం లేదు, హాయిగా వినండి. పాలకొల్లు మాస్టారికి చెప్పిన పోలిక పరీక్ష మాత్రం అందులో చేయకండి. బ్లూటూత్ శబ్దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ ఒకటి చాలు దానికి.