సీటు వదులుకునే ముందు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, మొన్న రాత్రి నువ్వు ఫోనులో అన్న మాటలు ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. తోటివాళ్ళు రేడియాలజీలో, డెర్మటాలజీలో హాయిగా ఉన్నారనీ, ఫ్యామిలీ మెడిసిన్ ఎందుకు ఎంచుకున్నానో తెలియడం లేదనీ, పీజీ సీటు వదిలేస్తాననీ అన్నావు. నువ్వు నిద్రపోయి ముప్పై గంటలైందని మాటల మధ్యలో తెలిసింది. అందుకే ఆ రాత్రి సలహా ఏమీ చెప్పకుండా, అన్నం తిని పడుకోమన్నాను. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషి పెళ్ళి గురించీ ఉద్యోగం గురించీ నిర్ణయం తీసుకోకూడదని నా గట్టి నమ్మకం.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. నీకు విసుగు పుట్టిస్తున్నది వైద్యమా, వైద్యం చేయాల్సి వస్తున్న తీరా? ఈ రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి కనుక వేరు చేయడం కష్టం. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో ఇంజినీర్ల మీద, అకౌంటెంట్ల మీద చేసిన పరిశీలనను ప్రకటించాడు. జీతం, పై అధికారి తీరు, పని పరిస్థితులు బాగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది, కానీ వాటిని బాగుచేసినంత మాత్రాన తృప్తి రాదు అన్నాడు. తృప్తి వేరే చోటి నుంచి వస్తుందట: చేసిన పని ఫలించడం, దాన్ని ఒకరు గుర్తించడం, బాధ్యత తన చేతిలో ఉండడం. డాక్టర్ల గురించి చెప్పకపోయినా, నా నలభై ఏళ్ళ ప్రాక్టీసులో ఇంతకన్నా నిజమైన మాట నాకు తగల్లేదు. కాబట్టి నువ్వు అసంతృప్తికి ఒకటి, తృప్తికి ఒకటి, రెండు ఖాతాలు విడివిడిగా రాసుకోవాలి.

మొదటి ఖాతాలో నిద్ర ఉంది. దాని గురించి మొహమాటపడకు. రెసిడెంట్లకు ఏకబిగిన 12 గంటలకు, వారానికి 48 గంటలకు మించి డ్యూటీ ఉండకూడదని కేంద్రం 1992లోనే ఆదేశం ఇచ్చింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్ ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దనీ, వారంలో ఒక రోజు సెలవు, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలనీ సిఫారసు చేసింది. వార్డుల్లో ఏం జరుగుతోందో నాకు తెలియక కాదు. కానీ పెద్దవాళ్ళు కాగితం మీద ఒప్పుకున్న మాటను ఒక్కడివే వెళ్ళి అడగకుండా, నీ బ్యాచ్ పీజీలందరూ కలిసి డ్యూటీ పట్టిక పట్టుకుని హెడ్ దగ్గరకు వెళ్ళండి. మా రోజుల్లో మేము ఆ పని చేయలేదు. ఓర్చుకోవడమే గొప్ప అనుకున్నాం. ఆ ఓర్పుకు మూల్యం రోగులు కూడా చెల్లించారు.

అది ఎలాగో చెబుతాను. మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పని సంగతి ఇది. చిత్తూరులో నేను క్లినిక్ తెరిచింది 1984లో. 1991 నాటికి రోజుకు ఎనభై మందిని చూస్తున్నాను. ఇంట్లో పసిపిల్లలు, మధ్యాహ్నం భోజనం మూడున్నరకు. ఆ జూన్‌లో, తోతాపురి కాయ కోతకు వచ్చే రోజుల్లో, షుగరు ఉన్న ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. రిపోర్టులో చక్కెర బాగా ఎక్కువగా ఉంది. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ వినబడేలా మందలించాను. మామిడిపండ్లు తింటున్నావా అని నిలదీసి, మాత్ర మోతాదు పెంచి పంపాను. నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున ఆయన్ను రిక్షాలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, స్పృహ లేదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచాడు.

ఆయన భార్య చెబితే తెలిసింది. సీజన్ కదా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు వెళ్తున్నాడు. నేను చెప్పినట్టే భోజనానికి ముందు అని సాయంత్రం ఆరింటికి మాత్ర వేసుకునేవాడు. లారీలు వరసగా వస్తే భోజనం అర్ధరాత్రికో, అసలు లేకుండానో. మోతాదు పెంచడానికి నాకు అర నిమిషం పట్టింది. "ఇప్పుడు ఏ పనిలో ఉన్నావు, ఎప్పుడు తింటున్నావు" అని అడగడానికి అంతకన్నా ఎక్కువ పట్టేది కాదు. అడగలేదు. అప్పటికి నాకు ఆయన మనిషిగా కనబడడం మానేసి చాలా రోజులైంది.

దానికి బర్న్‌అవుట్ అనే పేరుందని తర్వాత తెలుసుకున్నాను. క్రిస్టీనా మాస్లాక్ అనే మనస్తత్వవేత్త 1981లో సహచరురాలితో కలిసి తయారుచేసిన కొలమానంలో మూడు లక్షణాలుంటాయి. మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటివాళ్ళు మనుషులుగా కాక వస్తువులుగా కనబడడం, నేను చేసే పనికి విలువ లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనిచోట పుట్టే పరిస్థితిగా గుర్తించింది. నువ్వు ఫోనులో మూడోదాని గురించే మాట్లాడావు. నాకు భయం రెండోదాని గురించి. "పద్నాలుగో బెడ్డు గోల చేస్తోంది" అన్నావు చూడు, అక్కడ నా గుండె ఝల్లుమంది.

ఆ సంఘటన తర్వాత నేను గురువారం సాయంత్రాలు క్లినిక్ మూశాను, రోజుకు యాభై మందికి మించి చూడలేదు. ఆదాయం తగ్గింది, మీ పెదనాన్న ఏమీ అనలేదు. తగ్గిన డబ్బు రెండేళ్ళలో తిరిగి వచ్చింది.

ఇక రెండో ఖాతా. చిత్తూరులో ప్రాక్టీసు పెట్టిన ప్రతి డాక్టరుకూ తెలిసిన నొప్పి ఒకటుంది, అది వేలూరులోని పెద్దాసుపత్రి, సీఎంసీ. గంట ప్రయాణం. పదేళ్ళు మన చేతి మందు తిన్నవాళ్ళు కూడా జబ్బు కాస్త ముదిరితే మనకు చెప్పకుండా బస్సెక్కేస్తారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత చూస్తే, వాళ్ళే వారానికల్లా ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి కూర్చునేవారు, "అక్కడ ఏం రాశారో కాస్త చూసి చెప్పమ్మా" అంటూ. నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళు అదే మాట తమిళంలో అడిగేవారు. మూడు చోట్ల రాసిన తొమ్మిది మాత్రల్లో రెండు ఒకటే మందు, పేర్లు వేరు. ఒక మాత్ర అసలు అవసరం తీరిపోయినది. ఆ చీటీ ముందు కూర్చుని, ఏది ఉంచాలో ఏది మానాలో రాసినవాళ్ళతోనే మాట్లాడి తేల్చి, ముసలావిడకు ఉదయం సాయంత్రం బొమ్మలు గీసి ఇచ్చినప్పుడు కలిగే తృప్తి నాకు ఇంకెందులోనూ దొరకలేదు. మొత్తం మనిషిని ఎరిగినవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరు కావడానికే నువ్వు చదువుతున్నావు.

నీ ఇబ్బంది ఎక్కడంటే, ఆ భాగం నీ శిక్షణలో నీకు కనబడడం లేదు. రెండు నెలలు మెడిసిన్, రెండు నెలలు పిల్లల వార్డు, తర్వాత కాన్పుల గది. ప్రతి కథకూ మొదటి పేజీ చదివి పుస్తకం మూసేస్తున్నావు. దానికొక ఉపాయం చెబుతాను. ప్రతి పోస్టింగులో అయిదుగురు రోగులను ఎంచుకో. వాళ్ళ అనుమతి అడిగి, చిన్న నోటుబుక్కులో పేర్లు లేకుండా కేస్ షీట్ నంబరుతో రాసుకో. ఏం పని చేస్తారు, ఇంట్లో ఎవరున్నారు, దేనికి భయపడుతున్నారు. పదిహేను రోజులయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక మరోసారి ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కో. వారంలో ఒక పూట పాత రోగులను నువ్వే చూసే ఓపీ ఇమ్మని నీ గైడును అడుగు. ఇవ్వకపోతే మళ్ళీ అడుగు. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకంలో పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు 104 వాహనంతో అదే ఊరికి వెళ్ళే ఏర్పాటు చేసింది కూడా ఇందుకే. వెళ్ళిన ఊరికే మళ్ళీ వెళ్ళాలి.

డబ్బు సంగతి: రేడియాలజీ వాళ్ళంత రాదు. ఇల్లు గడుస్తుంది, పిల్లలు చదువుకుంటారు. ఇంతకు మించి దాని గురించి రాయను.

ఒకటి మాత్రం మాట ఇవ్వు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, బతకడమే బరువనిపించినా ఆ క్షణమే నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నాతో చెప్పుకోలేకపోతే 14416కు చెయ్యి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

ఒక నెల నోటుబుక్కు రాసి చూడు. అప్పటికీ సీటు వదలాలనే అనిపిస్తే నేనే మీ నాన్నతో మాట్లాడతాను. ఈలోగా వచ్చే నెల రెండో శనివారం సెలవు పెట్టి తిరుపతిలో పొద్దున్నే బస్సెక్కు. ఆ రోజు నా ఓపీలో నా పక్కన కూర్చుందువుగాని. గుజ్జు ఫ్యాక్టరీ ఆయన మనవరాలికి ఏడో నెల, బీపీ చూపించుకోవడానికి వస్తుంది. తాతను కూడా తీసుకొస్తానంది.

మీ పెద్దమ్మ,
చిత్తూరు