మీ ప్రశ్నలు – మా జవాబులు: కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందేం?

డెస్క్‌టాప్ ఇనుప కేబినెట్‌కి చెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటోంది. చెప్పులేసుకుంటే తెలియడం లేదు. టెస్టర్ పెడితే వెలుగుతోంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) మార్చినా అంతే. మదర్‌బోర్డు పోయిందంటున్నాడు మెకానిక్. నిజమేనా?
– పాఠకురాలు, తణుకు

మదర్‌బోర్డు జోలికి వెళ్లకండి. మీ కంప్యూటర్‌కి ఎర్త్ అందడం లేదు, అంతే. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు కేబినెట్‌కి కలిపి ఉంటాయి. కరెంటు లైన్లోని రొదను వడకట్టడం వాటి పని. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులోకి పోవాలి. ఆ దారి లేనప్పుడు కేబినెట్ మీద 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు నిలబడతాయి. వచ్చే కరెంటు మాత్రం మిల్లీ ఆంపియర్‌కి లోపే కాబట్టి జిల్లుమని ఊరుకుంటోంది. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లోనూ అవే కెపాసిటర్లు ఉంటాయి, అందుకే మార్చినా లాభం లేకపోయింది.

అలాగని వదిలేయొద్దు. రేపు లోపల ఫేజు వైరే ఊడి కేబినెట్‌కి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. అంతదాకా పోకపోయినా, కంప్యూటర్ ఆన్‌లో ఉండగా టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు చిటుక్కుమని రవ్వ వస్తే అది ఈ కరెంటే. పోర్టులు అలా కాలిపోవచ్చు కూడా.

ముందు ప్లగ్గు చూడండి. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించారా? తీసేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతున్నారా? చవక బాక్సుల్లో పైకి మూడు రంధ్రాలు కనిపిస్తాయి, లోపలికి వచ్చేది రెండు వైర్లే. కంప్యూటర్‌ని గోడ సాకెట్‌కి నేరుగా పెట్టి చూడండి. ఇంకా జిల్లుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌లో మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి: ఫేజు–న్యూట్రల్ మధ్య 230 వోల్టులు, ఫేజు–ఎర్త్ మధ్యా దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకి మించకుండా. ఫేజు–ఎర్త్ మధ్య 60, 100 అంటూ తేలుతోందంటే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, లేదా అసలు లాగలేదు. ఇంట్లో సాకెట్లన్నీ ఇలాగే చూపిస్తుంటే ఎర్త్ గుంట దగ్గర కనెక్షను తుప్పు పట్టిందేమో చూడాలి. ఎండాకాలం గుంట ఎండిపోయినా ఇదే తంతు. అప్పుడప్పుడూ రెండు బకెట్ల నీళ్లు పోయిస్తే చాలు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. కొందరు పని తేలిగ్గా తేలిపోతుందని సాకెట్‌లోనే ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి, ఎర్త్ ఇచ్చేశామంటారు. జిల్లుమనడం ఆగుతుంది కూడా. కానీ ఏ రోజైనా న్యూట్రల్ తెగిందా, ఫేజు మొత్తం కేబినెట్ మీదికొస్తుంది. అలా చేయనివ్వకండి. పనిలో పనిగా ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించుకోండి.

రౌటర్ కింద హాల్లో ఉంది. మేడ మీదికి నెట్ రావడం లేదని ఎక్స్‌టెండర్ కొన్నాం. ఇప్పుడు ఫోనులో వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, వేగం మాత్రం లేదు. మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్.
– పాఠకుడు, కరీంనగర్

ఆ గీతలు మీ ఫోనుకీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సంగతి చెబుతాయి. ఎక్స్‌టెండర్‌కి కింది నుంచి ఎంత అందుతోందో వాటికి తెలియదు. నెట్ రాని గదిలోనే దాన్ని పెట్టి ఉంటారు. అక్కడ అందేదే అంతంత మాత్రం. మెట్ల మలుపు దగ్గరికి మార్చండి, కొంత మెరుగవుతుంది. పూర్తిగా మాత్రం కాదు. మామూలు ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో వినాలి, మళ్లీ అదే రేడియోతో పంపాలి కనుక వేగం సగానికి పడిపోతుంది.

రౌటర్ ఎక్కడుందో కూడా చూసుకోండి. టీవీ వెనకాల, బీరువా మీద, చెక్క అరలో తలుపు వేసి పెడితే హాల్లోనే సరిగా రాదు. ఇనుప చువ్వల స్లాబు దాటడం 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కష్టం, 2.4 కాస్త నయం. పుల్లల్లాంటి యాంటెన్నాలుంటే అన్నిటినీ నిలువుగా పెట్టకుండా ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టండి. సిగ్నల్ యాంటెన్నా పక్కలకే పాకుతుంది, కొస వైపు దాదాపు వెళ్లదు.

అసలు మందు కింది రౌటర్ నుంచి మేడ మీదికి ల్యాన్ కేబుల్ లాగడమే. ఎక్స్‌టెండర్ మీద పెట్టిన డబ్బుతో ఆ పని అయిపోయేది. క్యాట్ 6, పూర్తి రాగి తీగది అడగండి. షాపులో చవకగా ఇచ్చేది చాలాసార్లు సీసీఏ, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దనండి. 100 మీటర్ల దాకా లాగొచ్చు కాబట్టి ఇంటికి దూరం సమస్యే కాదు. కరెంటు వైర్లున్న పైపులో దూర్చకుండా వేరే పైపు వేయించండి. బయట గోడ మీదుగా అయితే ఎండకి తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ తీసుకోండి.

కనెక్టర్‌ని క్లిప్పు అవతలి వైపుకి, బంగారు పళ్లు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు–నారింజ, నారింజ, తెలుపు–ఆకుపచ్చ, నీలం, తెలుపు–నీలం, ఆకుపచ్చ, తెలుపు–గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే. చాలామంది తప్పేది నాలుగు, ఐదు, ఆరు దగ్గర. రంగు జతలు పక్కపక్కనే ఉండాలనుకుని ఆకుపచ్చని నాలుగోదిగా పెట్టేస్తారు. ఎనిమిదిలో ఒక్క తీగ సరిగా దిగకపోయినా గిగాబిట్ రాక లైను 100 ఎంబీపీఎస్‌కి దిగిపోవచ్చు. స్పీడ్ టెస్టు 94 దగ్గరే ఆగుతోందంటే ముందు ఆ కనెక్టర్లు కోసి మళ్లీ కొట్టించండి. పాత రౌటర్లలో పోర్టులే 100వి ఉంటాయి, అదీ చూసుకోండి.

ఆ కేబుల్ చివర, మేడ మీద ఇంకో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కింది రౌటర్ నెట్‌నే వైఫైగా పంచేలా) పెట్టాలి. ఆ మోడ్ లేకపోతే ముందు దాని ఐపీ మార్చండి: కింది రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి ఐపీలు పంచే పని, అది కింది రౌటర్ ఒక్కటే చేయాలి) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే వైఫై కలిసినట్టే చూపిస్తుంది, పేజీలు తెరుచుకోవు. పేరు, పాస్‌వర్డు రెంటికీ ఒకటే ఉంచి, 2.4లో ఛానెళ్లు మాత్రం వేరు చేయండి. 1, 6, 11లో ఏవైనా రెండు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది. నెట్ కూడా తెగి, మళ్లీ రావడానికి చాలాసేపు పడుతోంది.
– పాఠకుడు, మార్కాపురం

ఇన్వర్టర్ మీద యూపీఎస్, నార్మల్ అని రెండు మోడ్‌లకి మీట ఉంటుంది. మీది నార్మల్‌లో ఉన్నట్టుంది. యూపీఎస్ వైపు నొక్కితే మార్పు చాలా త్వరగా జరుగుతుంది. దీనికో చిక్కుంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180కి తగ్గితే చాలు, బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. లో వోల్టేజీ ఉండే ఊళ్లో అయితే కరెంటుండగానే బ్యాటరీ ఖాళీ. అలాంటి చోట మీట నార్మల్‌లోనే ఉంచి, కంప్యూటర్‌కి చిన్న యూపీఎస్, రౌటర్‌కి మినీ యూపీఎస్ విడిగా కొనుక్కోవడం మేలు. మినీ యూపీఎస్ కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీది అంకెలు చూడండి. వోల్టులు అచ్చంగా కలవాలి (12కి 12, 9కి 9), ఆంపియర్లు అంతకి తగ్గకూడదు. ఫైబర్ డబ్బా, రౌటర్ వేరువేరుగా ఉంటే రెంటికీ ఇవ్వాలి.

లేజర్ ప్రింటర్‌ని మాత్రం ఇన్వర్టర్ లైన్లో పెట్టకండి. కాగితం మీద పొడిని కరిగించే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అంటూ ఆగిపోతుంది.

2016లో కొన్న లాప్‌టాప్: ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు. పారేయాల్సిందేనా?
– పాఠకురాలు, ఖమ్మం

అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి చూడండి. ఏమీ చేయకుండానే 100 శాతం చూపిస్తోందా? అయితే మందగింపు హార్డ్ డిస్క్‌దే. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 256 లేదా 512 జీబీది వేయించండి. ర్యామ్ 8 జీబీ చేయించండి. ఆరో తరం లాప్‌టాప్‌లు కొన్ని డీడీఆర్3ఎల్‌వి, కొన్ని డీడీఆర్4వి. ఒకదాని స్లాటులో ఇంకోటి దిగదు. పాత ర్యామ్ పట్టుకెళ్లి చూపించి కొనండి.

డిస్క్ మార్చే ముందు ఫొటోలు, కాగితాలు వేరేచోట కాపీ చేసుకోండి. క్లోనింగ్ (పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే కొత్తదానికి ఎక్కించడం) మధ్యలో పాత డిస్క్ మొరాయించడం మామూలే. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవారికి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా. విండోస్ 11కి ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అర్హత. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు కానీ బ్యాంకు పనులు చేసే లాప్‌టాప్‌లో వద్దు. బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాల వరకే మీ వాడకమైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రశ్నపత్రాలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి.
– ఉపాధ్యాయుడు, అనకాపల్లి

ఆ ఫైల్లో ఉన్నవి నిజంగా అవే. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు వేసేది అను ఫాంటు. అది లేనిచోట అసలు సరుకు బయటపడుతుంది. ప్రింటు తీస్తే చాలనుకుంటే ఫాంట్లున్న కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి పంపండి. మార్పులు చేయాలంటే అను నుంచి యూనికోడ్‌కి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చే కన్వర్టర్ వాడాలి. మార్చాక ఒత్తులు, అంకెలు, బ్రాకెట్లు ఒకసారి దిద్దుకోక తప్పదు.

ఇకమీదట యూనికోడ్‌లోనే కొట్టండి. విండోస్ సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, దాని కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లిష్ స్పెల్లింగుతోనే తెలుగు పడుతుంది. విండోస్, స్పేస్ మీటలు కలిపి నొక్కితే భాష మారుతుంది. మండలి, సూరన్న, రామభద్ర యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పాత పేజ్‌మేకర్‌లో మాత్రం యూనికోడ్ తెలుగు రాదు. లిబ్రెఆఫీస్ వాడండి. అందులో తెలుగు ఫాంటు మార్చినా మారకపోతే టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్న గడిలో టిక్కు పెట్టండి.