ఈఈఈ చదివే అబ్బాయి ‘వేడి’ మీద ప్రాజెక్టు చేస్తానంటే వద్దనకండి

అమ్మా, మీరు రాసింది చదివాను. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం, బాబు ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) మూడో సంవత్సరం, మోటార్ కంట్రోలర్, అంటే మోటారుకి ఎంత కరెంటు వెళ్ళాలో చూసే పెట్టె, ఎందుకు వేడెక్కుతుందో ప్రాజెక్టు చేస్తానంటున్నాడు, చుట్టుపక్కల పిల్లలంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తుంటే టెన్షన్‌గా ఉంది, మాన్పించి కోడింగ్ కోర్సులో చేర్పించాలా అని అడిగారు. మాన్పించకండి.

ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఇద్దరు కూర్చుని ఏప్రిల్ ఎండలో, ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఒక్కోసారి పికప్ పడిపోతుంది చూడండి, అది బ్యాటరీ తప్పే కానక్కర్లేదు. బండి మెల్లగా పోతూ బరువు లాగుతున్నప్పుడు కరెంటు ఎక్కువ, తగిలే గాలి తక్కువ, అందుకని లోపల స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్లనే ట్రాన్సిస్టర్లు మాడిపోకుండా కంట్రోలరే కరెంటు తగ్గించేస్తుంది. మోటారుకి 5 కిలోవాట్లు పంపే కంట్రోలర్ 97 శాతం సామర్థ్యంతో పనిచేసినా దాదాపు 150 వాట్లు వేడిగా మారతాయి, అదీ నీళ్ళూ దుమ్మూ పోకుండా బిగించేసిన టిఫిన్ డబ్బాలాంటి పెట్టెలో. పైగా మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. సర్క్యూట్ గీయగలిగేవాళ్ళు చాలామందే దొరుకుతారు గానీ, ఆ వేడి ఏ దారిన బయటికి పోతుందో కూడా లెక్క కట్టగలిగే ఈఈఈ పిల్లలు నాకు తక్కువగా కనిపిస్తారు.

కానీ ప్రాజెక్టు రిపోర్టు కాగితాల మీద ఆగిపోకూడదు. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డుకి వెళ్ళి ఒక అల్యూమినియం హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కల దిమ్మ), దానికి బిగించే పవర్ రెసిస్టర్, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టే మల్టీమీటర్ తెచ్చుకోమనండి. రెసిస్టర్‌కి 20 వాట్లు ఇచ్చి, వేడి పెరగడం ఆగేదాకా కూర్చుని చూడాలి. గది 28 డిగ్రీలుండి హీట్‌సింక్ 68 దగ్గర ఆగిందనుకోండి, 40ని 20తో భాగిస్తే వాటుకి 2 డిగ్రీలు, అదే ఆ హీట్‌సింక్ థర్మల్ రెసిస్టెన్స్, అంటే వేడి బయటికి పోవడానికి అది పెట్టే అడ్డు. తర్వాత రెసిస్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్యలో థర్మల్ పేస్ట్ లేకుండా ఒకసారి, పల్చగా రాసి ఒకసారి, వెన్న రాసినట్టు మందంగా రాసి ఒకసారి రెసిస్టర్ వేడి కొలవాలి. పేస్ట్ పని రెండు లోహాల మధ్య సందుల్లోని గాలిని తోసేయడమే, మందంగా రాస్తే అదే అడ్డమవుతుంది. ఇది చేతులతో చూసినవాడు జన్మలో మర్చిపోడు. అసలు కంట్రోలర్ జోలికి ఆ తర్వాతే, మొదట 24 వోల్టులతోనే, ఇంట్లో కరెంటు ప్లగ్గుకి నేరుగా తగిలించొద్దని గట్టిగా చెప్పండి.

కోడింగ్ అక్కర్లేదని కాదు. వేడిని బట్టి కరెంటు తగ్గించేది కూడా ప్రోగ్రామే కాబట్టి సి భాష బాగా రావాలి. పవర్ ఎలక్ట్రానిక్స్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి, ఈ వేసవిలోనే మొదలుపెట్టమనండి. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్ ప్రవేశ పరీక్ష రాయాలి, మన ఊళ్ళోనే ఐఐఎస్‌సీ ఉంది. ఉద్యోగాలంటారా, స్కూటర్ కంపెనీలొక్కటే కాదు, లిఫ్టులు, పంపులు, ఫ్యాక్టరీ మోటార్లు, అన్నిటికీ డ్రైవ్‌లు, అంటే ఇలాంటి మోటార్ కంట్రోలర్లే కావాలి.

కొలిచిన అంకెలన్నీ తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోమనండి, లెక్క తప్పిన పేజీలు కూడా చింపకుండా. ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉండాలి.