కలిపిన హైపో పాలలా తెల్లబడింది, పాత నెగటివ్‌లకు గోధుమరంగు మచ్చలు పడ్డాయి: కారణం ఏమిటి?

మీరు అడిగిన రెండు తిప్పలూ నేను పడ్డవే. పర్లాకిమిడిలో నాన్నగారికి ఫోటో స్టూడియో ఉండేది. డెవలప్ చేసిన ఫిల్మ్‌లో మిగిలిన వెండి లవణాలను కరిగించి తీసేసి, బొమ్మను నిలబెట్టడమే (ఫిక్స్ చేయడమే) హైపో పని. ఆ హైపో కలిపే పని నాది.

తెల్లబడటం సంగతి తేలిక. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. దానికి నేరుగా ఆమ్లం తగిలితే విరిగి, గంధకం సన్నని పొడిగా తేలుతుంది. అందుకే ముందు సోడియం సల్ఫైట్ కరిగించి, ఆ తర్వాతే అసిటిక్ ఆమ్లం పోయాలి. హైపో ద్రావణం కలిపే కోడాక్ ఎఫ్-5 సూత్రంలో లీటరుకు 240 గ్రాముల హైపోతో పాటు 15 గ్రాముల సల్ఫైట్ ఉన్నది ఈ రక్షణకే. చివర పటిక వేయడం మరవకండి. మా వైపు ఎండలకు పటిక లేకపోతే ఫిల్మ్ మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర మెత్తబడి, గోరు తగిలినా గీత పడేది. ఇంకొకటి, హైపో పలుకులు కరుగుతుంటే స్టీలు గిన్నె బయట చెమట పట్టేంతగా నీళ్లు చల్లబడతాయి. గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. తెల్లబడినది మాత్రం వాడవద్దు.

అసలు ప్రమాదం రెండోది, ఎందుకంటే అది ఆ రోజు కంటికి కనబడదు. ఒక పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే హైపోను రోజుల తరబడి వాడాను. ద్రావణం తేటగానే ఉంది, నెగటివ్‌లూ శుభ్రంగానే వచ్చాయి. కొన్నేళ్ల తర్వాత మా అత్తయ్య పెళ్లి నెగటివ్ వెలుతురుకు పెట్టి చూస్తే, తలంబ్రాలు పోస్తున్న చేతుల మీద గోధుమరంగు పొర. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

వెండి లవణాలను హైపో కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించారు. ఒక్కో వెండి అయానుకు రెండు థయోసల్ఫేట్‌లు దొరికితే, ఏర్పడిన సమ్మేళనం నీళ్లతో కడుక్కుపోతుంది. వాడగా వాడగా ద్రావణంలో వెండి పేరుకుని, ఒక్కటే దొరుకుతుంది. అప్పుడు ఏర్పడేది జెలటిన్‌ను పట్టుకుని వదలదు, మెల్లగా సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. వెండి మట్టెలు నల్లబడేదీ ఆ పదార్థంతోనే.

డెవలప్ చేయని ఫిల్మ్ ముక్కను తాజా హైపోలో ముంచి, తేట పడటానికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. ఫిల్మ్‌ను దానికి రెట్టింపు సేపు ఉంచాలి. తేట పడే సమయమే రెట్టింపైతే ఆ హైపో పని అయిపోయినట్లే. వాడిన హైపోలో పొటాషియం అయొడైడ్ నీళ్లు కొన్ని చుక్కలు వేసినప్పుడు లేత పసుపు అవక్షేపం కరగకుండా నిలిచినా అంతే.

గోధుమరంగు వచ్చిన నెగటివ్‌ను మళ్లీ ఫిక్స్ చేసినా లాభం లేదు. ఇంకా మచ్చ పడని వాటిని మాత్రం ఇప్పుడే తాజా హైపోలో ముంచి, అరగంట పారే నీళ్లలో కడగండి. ఆ పెళ్లి నెగటివ్‌లలో మిగిలిన వాటిని నేను అలాగే కాపాడుకున్నాను.