మెట్లతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆ భవనాన్ని నిజంగా తిరిగి చూశావనీ, దాన్ని ఇష్టపడ్డావనీ తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీలోనే ‘అద్భుతమైన’, ‘వెలుతురుతో ఆడుకునే’, ‘ప్రకృతిలో లీనమైన’ అనే మాటలు వరసకట్టాయి. హాలు పొడవెంతో, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో, మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో మాత్రం ఎక్కడా లేదు. కట్టేవాళ్లకిచ్చే వర్కింగ్ డ్రాయింగులో కొలత వెయ్యకుండా ఒక్క గీత కూడా వదలవు గదా, వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆ కొలతలన్నీ ఎందుకు పక్కన పెట్టేశావు?

మొత్తం భవనం మీద ఇప్పుడే రాయకు. ఓ ఆరు నెలలు ఒక్కొక్క భాగం గురించే రాయి. ఒక వారం మెట్లు, ఒక వారం కిటికీ, మరో వారం పిట్టగోడ. నాలుగైదు వందల మాటలు చాలు. మెట్లతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అక్కడ తప్పేదైనా ఉంటే ముందు కాలికే తెలుస్తుంది.

టేపు తీసి రైజరు (మెట్టు ఎత్తు), ట్రెడ్డు (కాలు పెట్టే వెడల్పు) కొలువు. రెండు రైజర్లూ ఒక ట్రెడ్డూ కలిపితే 600 నుంచి 640 మి.మీ. మధ్య ఉండాలన్న లెక్క నీకు తెలిసిందే. 150 రైజరుకు 300 ట్రెడ్డు అలాగే కుదురుతుంది. ఒక మెట్టు కొలిచి ఊరుకోకు, అన్నీ కొలువు. మొదటి మెట్టో చివరి మెట్టో మిగతావాటికి 15, 20 మి.మీ. తేడాగా ఉండటం తరచూ కనిపిస్తుంది. కాంక్రీటు పోసేటప్పుడు నేల మీద తర్వాత పడబోయే మాలు, టైలు మందాన్ని లెక్కలో వేసుకోరు. కింది నేల మందం పెరిగితే మొదటి మెట్టు పొట్టిదవుతుంది, పై నేల మందం పెరిగితే చివరిది ఎత్తవుతుంది. రెండు మూడు మెట్లు ఎక్కేసరికి కాలు ఒక ఎత్తుకు అలవాటుపడిపోతుంది. ఆ తర్వాత కంటికి ఆనని తేడా కూడా మనిషిని తూలేలా చేస్తుంది.

ఇంతమట్టుకు రాస్తే ఇల్లు కట్టుకునేవాళ్లకీ పనికొస్తుంది, మేస్త్రీకీ పనికొస్తుంది, నీ తోటి ఆర్కిటెక్టుకీ పనికొస్తుంది. ‘మెట్లు లయబద్ధంగా పైకి సాగుతాయి’ అంటే ఆ ముగ్గురిలో ఎవరి చేతికీ ఏమీ అందదు.

కిటికీ మీద రాసేటప్పుడు సజ్జ కిందికి వంగి చూడు. అంచుకు కాస్త లోపలగా సన్నని గాడి ఉందా లేదా? ఆ గాడి లేకపోతే వాన నీరు సజ్జ అడుగును అంటిపెట్టుకుని గోడదాకా పాకుతుంది, గోడ మీద నల్లటి చారలు కడుతుంది. గాడి ఉంటే బొట్టు అక్కడే తెగి కింద పడుతుంది. గోడ మీద మరక కనిపించినప్పుడు అది ఎక్కడ మొదలై ఎటు సాగిందో వెనక్కి పట్టుకుపోవడం నేర్చుకుంటే డిజైన్ గురించి రాయడంలో సగం వచ్చినట్టే.

కారణం వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీ మీద వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. నాలుగో అంతస్తు వంతెనకు సరిగ్గా కింద రెండో అంతస్తు వంతెన ఉండేది. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ రెండింటినీ మోస్తుంది. అంటే నాలుగో అంతస్తు దూలం కింద ఉన్న నట్టు మీద ఆ ఒక్క వంతెన బరువే పడుతుంది. తర్వాత ఆ కడ్డీని రెండు ముక్కలు చేశారు. పై కడ్డీ నాలుగో అంతస్తు దూలం దగ్గర ఆగింది, రెండో కడ్డీ అదే దూలానికి వేలాడింది. దాంతో ఆ నట్టు మీద రెండు వంతెనల బరువూ పడింది. చూశావా, బొమ్మ లేకుండానే విషయం అందింది. ఏ బరువు ఎక్కడినుంచి ఎక్కడికి దిగుతుందో వరసగా చెప్పడం తప్ప ఇందులో వేరే కిటుకు లేదు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కథ చక్కగా కుదిరింది కాబట్టి. కానీ తర్వాత జరిగిన విచారణలో మొదటి డిజైన్ కూడా నిబంధన అడిగిన బలంలో సుమారు 60 శాతమే తట్టుకోగలదని తేలింది. ఆ సంగతి వదిలేస్తే తప్పంతా ఒక్క మార్పు మీదికే పోతుంది. నీకు దొరికిన కారణం మరీ ముచ్చటగా అతికినట్టుంటే, దాని వెనక ఇంకొకటి ఉందేమో చూడు.

మొత్తం భవనం మీద రాసే రోజు వచ్చాక, ప్రారంభోత్సవం నాటి ఫొటోలు చూసి రాయకు. మూడుసార్లయినా వెళ్లు: ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి వానలో, ఒకసారి జనం వాడటం మొదలుపెట్టి ఏడాది దాటాక. ఊడ్చి తుడిచేవాళ్లతో మాట్లాడు. ఏ మూల తడి ఆరదో, ఏ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుందో, ఏ గాజును అందుకోవడానికి నిచ్చెన కావాలో వాళ్లకు తెలిసినట్టు డిజైన్ చేసినవాళ్లకే తెలియదు. దిక్కు తప్పకుండా రాసుకో. లండన్‌లో 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ భవనం దక్షిణపు గాజు గోడ లోపలికి వంపు తిరిగి ఉంటుంది. 2013లో ఆ వంపు ఎండను వీధిలో ఒకచోటికి చేర్చి కారు భాగాలను కరిగించింది, తర్వాత ఆ గోడకు ఎండ ఆపే రెక్కలు బిగించాల్సి వచ్చింది. ‘వంపు తిరిగిన గాజు గోడ’ అంటే ఆకారమే తెలుస్తుంది. ‘దక్షిణానికి’ అన్న మాట చేరితేనే ప్రమాదం కనిపిస్తుంది.

వ్యాసంతో పాటు ప్లాను ఉన్నా లేకపోయినా సెక్షన్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ, ఉండాలి. ఆఫీసు డ్రాయింగును కుదించి పెట్టకు, అచ్చుకోసం మళ్లీ గీయి. కోసిన గోడలు, శ్లాబులు 0.5 మి.మీ. గీతతో, వెనక కనిపించేవి 0.18తో గీస్తే చాలు. కొలత గీతలన్నీ తీసేసి, వ్యాసంలో ప్రస్తావించిన నాలుగైదే ఉంచు. ‘1:100’ అని, అంటే అసలు కొలతలో నూరో వంతని, రాయకు. పేజీకి తగ్గట్టు బొమ్మ చిన్నదైన క్షణమే అది అబద్ధమవుతుంది. స్కేల్ బార్, అంటే కొలత గుర్తులు వేసిన చిన్న పట్టీ, గీస్తే బొమ్మతో పాటే అదీ కుదించుకుంటుంది. సెక్షన్‌లో ఒక మనిషిని నిలబెట్టు, ప్లాన్‌లో ఉత్తరం గుర్తు మరవకు.

ఇక ఉద్యోగం సంగతి. నువ్వు పనిచేసే ఆఫీసు డ్రాయింగులు నీవి కావు. యజమాని నుంచీ, క్లయింటు నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకో. నోటిమాట మీద ముందుకెళ్లకు. ఇంటి ప్లాను అచ్చువేసేటప్పుడు యజమాని పేరు, చిరునామా, తాళాలు, కెమెరాలు ఉన్న చోట్లు తీసేయి. సైటు డైరీ ఒకటి, రాతపని నోట్‌బుక్ ఒకటి, రెండూ వేరుగా ఉండాలి. ఏదైనా వివాదం వస్తే సైటు డైరీ సాక్ష్యమవుతుంది, అందులో నీ వ్యాఖ్యానాలు ఉండకూడదు. ఆ భవనంలో నీ పని ఉన్నా, దాని ఆర్కిటెక్టుతో నీకు పోటీ ఉన్నా మొదటి పేరాలోనే చెప్పెయ్యి. టైల్స్ కంపెనీయో గాజు కంపెనీయో ప్రయాణ ఖర్చులు పెట్టుకుని చూపిస్తానంటే వెళ్లకు. వెళ్లక తప్పకపోతే ఆ మాటా రాయి.

సొంత పని గురించి రాయడం అన్నిటికంటే కష్టం. ఇటలీ ఆర్కిటెక్టు పల్లాడియో 1570లో వెనిస్‌లో అచ్చువేసిన గ్రంథంలో తన భవనాల ప్లాన్లు గదుల కొలతలతో సహా ఇచ్చాడు. వాటిలో చాలా ప్లాన్లు నిజంగా కట్టినదానితో సరిపోలవు. కట్టడంలో కుదరనిదాన్ని కాగితం మీద సరిదిద్దాడు. అంత గొప్పవాడికే ఆ ఆశ తప్పలేదు, నీకూ వస్తుంది. డ్రాయింగులోని కొలత ఒకటి, కట్టిన కొలత ఒకటి ఉంటే రెండూ రాసి, తేడా ఎందుకొచ్చిందో చెప్పు. పాఠకుడికి నీ దగ్గర మాత్రమే దొరికేది ఆ తేడాయే, బయటి విమర్శకుడు దాన్ని ఊహించలేడు.

భాష గురించి ఒక్క మాట. దూలం, సజ్జ, గడప, ద్వారబంధం, వాసం ఉండగా ‘ఎలిమెంట్’ అనకు. రైజరు, శ్లాబు లాంటివి పనిచేసేవాళ్లంతా అనే మాటలే కాబట్టి అలాగే వాడు. ‘స్పేస్’ అని రాసిన ప్రతిచోటా ఆగి, అది గదా, వరండానా, నడవా, ఖాళీ జాగానా అని నిన్ను నువ్వే అడుగు.

నువ్వు రోజూ ఆఫీసులో ఎక్కే మెట్లనే కొలిచి, ఐదు వందల మాటల్లో రాసి పంపు. ప్రతి మెట్టు ఎత్తూ విడిగా వేసిన పట్టిక, స్కేల్ బార్‌తో ఒక సెక్షన్ జతచెయ్యి. ఏ మెట్టు తేడాగా వచ్చిందో, ఎందుకొచ్చిందని నువ్వనుకుంటున్నావో మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఆశీస్సులతో.