పార్లమెంటు ప్రభుత్వ ఖర్చునీ అప్పునీ నిజంగా అదుపు చేస్తుందా?

ఖర్చును కొంతవరకు చేస్తుంది. అప్పును చెయ్యదు. ఈ మాట గట్టిగానే చెప్తాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, అమ్మవారి సంబరం అయిన వారానికి కోవెల అరుగు మీద లెక్కలు చదివారు. పద్దు పుస్తకం మా నాన్న చేతిలో ఉంది. టెంటు, మేళం, లైటింగు వరసగా చదువుతూ, "షావుకారు దగ్గర అప్పు ఇరవై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ" అన్నాడు. ఎదురింటి మామ్మ లేచింది. "ఎవులినడిగి సేసినావు బాబూ? వడ్డీ కట్టేది మేం గాదా?" నాన్న పుస్తకం మూశాడు. పేజీ పోకుండా వేలు మాత్రం మధ్యలోనే ఉంచుకుని చాలాసేపు తల దించుకునే ఉన్నాడు. మరుసటి ఏడు అప్పు చెయ్యాల్సి వస్తే, ముందు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నాడు.

ఢిల్లీలో మామ్మలా అడిగే వీలు ఎక్కడుంది? శాఖల పద్దులకు లోక్‌సభ ఒప్పుకోవాలి, నిజమే. కానీ అప్పుల మీద వడ్డీకి ఓటింగే లేదు. రాజ్యాంగం 112, 113 అధికరణాల ప్రకారం అది నేరుగా సంచిత నిధి నుంచి, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా నుంచి పోతుంది. సభలో మాట్లాడొచ్చు, కాదనడానికి లేదు. అప్పుకు హద్దు పెట్టే అధికారం 292వ అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది. 2003లో లోటుకూ అప్పుకూ కళ్లెం వెయ్యడానికి ద్రవ్య బాధ్యత చట్టం కూడా చేశారు. దాని కింద పెట్టుకున్న, లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదన్న లక్ష్యాన్ని మాత్రం వెనక్కి జరుపుతూ వచ్చారు.

ఓటింగు ఉన్న పద్దుల సంగతైనా బాగుందా అంటే, 2018 మార్చిలో అన్ని శాఖల పద్దులనూ చర్చ లేకుండా గిలెటిన్ చేసి, అంటే అన్నిటినీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టి ఆమోదించేశారు. నాకు ఒళ్లు మండింది. బడ్జెట్ రోజు టీవీలు కూడా అంతే. తెలుగు చానెల్ పెట్టినా, ఒడియా చానెల్ తిప్పినా ఏది పెరిగింది, ఏది తగ్గింది అనే గోలే. కొత్తగా ఎంత అప్పు చేస్తున్నారో ఒక్కరూ నిలబడి చెప్పరు.

నాకు కాస్త నమ్మకం ఉన్నది ప్రజా పద్దుల సంఘం మీదే. 22 మంది సభ్యులు, అందులో మంత్రులు ఉండరు. 1967 నుంచి ప్రతిపక్షం వాళ్లే అధ్యక్షులు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక ముందు పెట్టుకుని అధికారులను పిలిచి అడుగుతారు. అయితే అది సంబరం అయిపోయాక చదివే లెక్కే కదా, డబ్బు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

అందుకే మా వీధికి ఓట్లకు వచ్చిన వాళ్లను నేను రోడ్డు గురించి అడగను. పద్దుల మీద చర్చ జరిగిన రోజున మీరు సభలో ఉన్నారా, అప్పు గురించి ఒక్క ప్రశ్నయినా వేశారా అని అడుగుతాను.